సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్‌గా మొదటి ఏడాది: రెసిడెన్సీ చేయాలా, నేరుగా క్లినిక్‌లో చేరాలా?

డాలస్_సిస్టర్

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఇంకో 11 రోజుల్లో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. నా ముందు రెండు కాగితాలున్నాయి. ఏది అన్నది తేలక నిద్ర పట్టట్లేదు.

నాది నెల్లూరు జిల్లా. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఐసీయూలో చేశాను. ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సు లైసెన్సు పరీక్ష) రాసి 2016లో గ్రీన్‌కార్డు మీద టెక్సాస్ వచ్చాను. రెండేళ్ళు మెడ్-సర్జ్ (మామూలు మెడికల్, సర్జికల్ వార్డు), ఆ తర్వాత నుంచి సైకియాట్రీ ఇన్‌పేషెంట్ వార్డులో నైట్ డ్యూటీ. డ్యూటీ చేస్తూనే ఆన్‌లైన్‌లో ఎంఎస్ఎన్ (నర్సింగ్‌లో మాస్టర్స్; సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్, అంటే మానసిక రోగాలకి మందు రాయగల నర్సు అవడానికి) చదివి, పోయిన డిసెంబరులో పూర్తి చేశాను. మార్చిలో ఏఎన్‌సీసీ (నర్సులకి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ) బోర్డు పరీక్ష కూడా పాసయ్యాను. 175 ప్రశ్నలు, మూడున్నర గంటలు. బయటికొచ్చి కార్లో కూర్చుని ముందు అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ అర్ధరాత్రి అని కూడా చూసుకోలేదు.

ఇప్పుడు సంగతి. మొదటి ఆఫర్ మా ఇంటికి 20 నిమిషాల దూరంలో ఒక ప్రైవేట్ ఔట్‌పేషెంట్ క్లినిక్. ఏడాదికి లక్షా 45 వేల డాలర్లు. కొత్త పేషెంటుకి 45 నిమిషాలు, పాత పేషెంటుకి 15 నిమిషాలు. రెండో వారం నుంచే ఫుల్ షెడ్యూల్ అన్నారు, అంటే రోజుకి 20 మంది పైనే. సగం వీడియోలో. నా డెలిగేటింగ్ ఫిజీషియన్, అంటే మందు రాసే అధికారం నాకు అప్పగించే డాక్టర్, వేరే ఊళ్ళో ఉంటారు, నెలకోసారి ఫోన్లో మాట్లాడతారట.

రెండోది ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో 12 నెలల రెసిడెన్సీ, అంటే సీనియర్ల పర్యవేక్షణలో పేషెంట్లని చూస్తూ నేర్చుకోవడం. సెప్టెంబరులో మొదలు. జీతం 82 వేలు. ఊరు ఇక్కడికి కార్లో నాలుగున్నర గంటలు.

ఇంటి పరిస్థితి కూడా చెప్పాలి. 46 వేల లోన్ ఉంది. మా ఆయన ఆఫీసులో ఫిబ్రవరిలో చాలామందిని తీసేశారు, తన ఉద్యోగం ఉంది గానీ టెన్షన్ పోలేదు. బాబు అయిదో క్లాసు. అత్తయ్య మాతోనే ఉంటారు. "ఒక్క ఏడాదే కదమ్మా, వాణ్ణి నేను చూసుకుంటాను" అని ఆవిడే ముందు అన్నారు. తోటి ఎన్‌పీలు (నర్స్ ప్రాక్టీషనర్లు) మాత్రం "లైసెన్సుకి రెసిడెన్సీ అక్కర్లేదు కదా, చేతికొచ్చిన 60 వేలు ఎవరైనా వదులుకుంటారా?" అంటున్నారు.

మరి నాకెందుకు భయం? రెండేళ్ళ కిందట ఒక రాత్రి సంగతి చెబుతాను. ఆస్పత్రి పేరు వద్దు. అరవై దాటిన ఒకాయన, చాలా ఏళ్ళుగా లిథియం (మూడ్ నిలకడకి ఇచ్చే మందు) మీద ఉన్నారు. మోకాళ్ళ నొప్పికి అయిదు రోజులుగా రోజుకి మూడుసార్లు ఇబుప్రోఫెన్ వెళ్తోంది. రాత్రి తొమ్మిదింటికి టీ ఇస్తే కప్పు చేతిలో గడగడలాడి సగం దుప్పటి మీద ఒలికింది. అంతకుముందు రోజు సన్నగా ఉన్న వణుకు అది కాదు. లేచి నడవమంటే తూలారు, తర్వాత వాంతి. ఇబుప్రోఫెన్ తోడైతే లిథియం రక్తంలో పేరుకుపోతుంది. డాక్టర్‌కి ఫోన్ చేసి రక్తంలో లిథియం లెవెల్‌కి పంపించాను. 2.3 వచ్చింది. 1.2 దాటితేనే మనం కంగారు పడతాం. ఆయన్ని వెంటనే మెడికల్ ఫ్లోర్‌కి మార్చారు, నాలుగు రోజుల్లో కోలుకున్నారు. ఆ ఇబుప్రోఫెన్ రాసినవాళ్ళు నాకన్నా ఎక్కువ చదువుకున్నవాళ్ళే. రోజుకి ముప్ఫై మందిని చూస్తున్నవాళ్ళు, అంతే.

నర్సుగా నేను పట్టుకున్నది ఆ వణుకుని. రేపు అలాంటి మనిషినే నేను మూడు నెలలకోసారి, 15 నిమిషాలు, వీడియోలో చూస్తాను. టీ కప్పు కనపడదు. మందు రాసిన చెయ్యి నాదై ఉంటుంది.

ఇంకో మాట. నా క్లినికల్ గంటలు కాగితం మీద 750. అందులో సగం, నా కెమెరా ఆపేసి ప్రిసెప్టర్ (మాకు ప్రాక్టికల్స్ నేర్పే సీనియర్) మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నవే. ప్రిసెప్టర్‌ని కూడా స్కూలు చూపించలేదు, మేమే వెతుక్కోవాలి. 70 క్లినిక్కులకి మెయిల్ పెడితే ముగ్గురు జవాబిచ్చారు, అందులో ఒకరు డబ్బులడిగారు. పరీక్ష పాసయ్యాను, నిజమే. కానీ ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే, మందు మార్చాలా, ఆగాలా అన్నది ఒంటరిగా తేల్చుకున్న రోజు నా జీవితంలో ఇంకా ఒక్కటి కూడా లేదు.

రెసిడెన్సీ చేసినవాళ్ళు, చేయనివాళ్ళు ఇద్దరూ చెప్పండి. ఆ ఏడాది నిజంగా తేడా తెచ్చిందా?

—

ఒహాయో_లత

సిస్టర్, నేను రెసిడెన్సీ చేశాను, 2021 సెప్టెంబరు నుంచి 2022 ఆగస్టు దాకా. అప్పటికి మా పాపకి ఏడాదిన్నర. కాబట్టి ఇల్లు వదిలి వెళ్ళడమంటే ఏంటో తెలిసే రాస్తున్నాను.

మీ తోటివాళ్ళు చెప్పింది నిజమే, ఇది తప్పనిసరి కాదు. అసలు నర్స్ ప్రాక్టీషనర్లకి రెసిడెన్సీ అనే పద్ధతి 2007లో కనెక్టికట్‌లో ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో మొదలైంది, అదీ ప్రైమరీ కేర్ వాళ్ళకి. సైకియాట్రీకి తర్వాత వచ్చింది. ఇప్పటికీ సీట్లు తక్కువ. మీకు ఒకటి చేతిలోకి వచ్చిందంటే చిన్న విషయం కాదు.

నా రోజు ఎలా ఉండేదో చెబుతాను, మీరే బేరీజు వేసుకోండి. మొదటి ఆరు వారాలు రోజుకి ముగ్గురే పేషెంట్లు. కొత్తవాళ్ళకి 90 నిమిషాలు. పేషెంటుని కూర్చోబెట్టి, పక్క గదిలో సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి అయిదు నిమిషాల్లో కేసు చెప్పాలి. ఆవిడ ఒకటే అడిగేవారు: "ఎందుకు?" ఈ మందే ఎందుకు, ఇవాళే ఎందుకు, అసలు మందెందుకు? మొదటి నెలంతా ఇంటికెళ్ళి ఏడ్చాను. ఆరో నెలకి ఏడుగురిని చూసేదాన్ని, చివరికి పది మందిని. బుధవారం మధ్యాహ్నం క్లాసులు. ఒకే పేషెంటుతో 22 సార్లు సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స) చేశాను, ఆ రికార్డింగులు సూపర్‌వైజర్ నాతోపాటు కూర్చుని చూసేవారు. స్కూల్లో సైకోథెరపీ అంటే పుస్తకంలో రెండు చాప్టర్లు, అంతే కదా.

మీ లిథియం కథ చదవగానే నాది గుర్తొచ్చింది. రెండో నెలలో బైపోలార్ ఉన్న ఒకావిడకి లామోట్రిజిన్ మొదలుపెట్టాను. మనకు నేర్పినట్టే రోజుకి 25 మిల్లీగ్రాములు రాసి పంపించేశాను. సాయంత్రం సూపర్‌వైజర్ చార్టు చూస్తూ ఒక చోట వేలు పెట్టి ఆగారు. మైగ్రేన్‌కని న్యూరాలజిస్టు రాసిన వాల్‌ప్రోయేట్ ఆ లిస్టులో ఉంది. వాల్‌ప్రోయేట్ ఉంటే లామోట్రిజిన్ రక్తంలో పేరుకుపోతుంది, రోజు మార్చి రోజు 25తో మొదలుపెట్టాలి, లేకపోతే ప్రాణం మీదికి తెచ్చే దద్దుర్లు రావచ్చు. ఇది నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాశాను కూడా. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఆ తెలిసినది గుర్తుకి రాలేదు. అయిదున్నరకి ఆవిడకి ఫోన్ చేసి మార్చాను, అప్పటికింకా మొదటి మాత్ర వేసుకోలేదు.

ఇంకొకటి, మందు మొదలుపెట్టడం స్కూల్లో నేర్పుతారు, ఆపడం ఎవరూ నేర్పరు. పన్నెండేళ్ళుగా రోజుకి మూడుసార్లు ఆల్‌ప్రజోలం (అలవాటైపోయే ఆందోళన మందు) వాడుతున్న ఒకాయన మా దగ్గరికి వచ్చారు, ఆయన పాత డాక్టర్ రిటైరయ్యారు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. అలాగే రాసుకుంటూ పోవడమూ సరికాదు. రెసిడెన్సీలో అంతా కలిపి తొమ్మిది నెలలు పట్టింది ఆయన్ని మెల్లగా తగ్గించడానికి. రెండుసార్లు వెనక్కి వెళ్ళాం. 15 నిమిషాల క్లినిక్‌లో ఈ పని ఎవరు చేయనిస్తారు?

మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. పిల్లల దగ్గరికి వచ్చిన ఒక తెలుగు అమ్మ. "ఒళ్ళంతా మంటలు, గుండెలో దడ, తల దిమ్ముగా ఉంటోంది" అని మూడుసార్లు ఎమర్జెన్సీకి వెళ్ళారు. గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఇంటర్‌ప్రెటర్ యాంగ్జైటీ అని ఒక్క మాటలో తేల్చేశారు. నాకు 90 నిమిషాలున్నాయి కాబట్టి తెలుగులో కబుర్లు మొదలుపెట్టాను. మంచినీళ్ళు తాగారు, కాసేపు పచ్చళ్ళ గురించి మాట్లాడారు. గంట దాటాక, ఆయన పోయి ఎనిమిది నెలలైందని, ఆ మాట కొడుకు ముందు ఎత్తితే వాడు బాధపడతాడని మింగేస్తున్నానని చెప్పారు. ఆ రోజు నేను మందు రాయలేదు. తర్వాత రాశాను, చిన్న డోసులో. కానీ ఆ అమ్మకి ముందు కావలసింది ఆ గంట.

డబ్బు దగ్గరికి వస్తే, ఆ ఏడాది నాకు సుమారు 50 వేలు తగ్గింది. తర్వాతి ఉద్యోగంలో అడగదలచుకున్నవన్నీ భయం లేకుండా అడగగలిగాను.

అయితే సంతకం పెట్టేముందు ఒక హెచ్చరిక. రెసిడెన్సీ అని పేరు పెట్టి చవగ్గా పని చేయించుకునే చోట్లు కూడా ఉన్నాయి. నా క్లాస్‌మేట్ ఒకామె చేరిన చోట రెండో నెలకే రోజుకి 16 మంది, సూపర్‌వైజర్ సెలవులో, పైగా తర్వాత రెండేళ్ళు అక్కడే చేయాలని బాండు. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలి. అందుకని ఇప్పుడు అక్కడ చేస్తున్న రెసిడెంట్‌తో, వాళ్ళ బాస్ లేనప్పుడు, ఫోన్లో మాట్లాడండి. సూపర్‌విజన్ గంట క్యాలెండర్‌లో బ్లాక్ చేసి ఉంటుందా, లేక "తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అంటారా అడగండి. రెండో జవాబు వస్తే జాగ్రత్త. అక్రెడిటేషన్ (ప్రోగ్రామ్‌కి గుర్తింపు) ఏఎన్‌సీసీ నుంచి గానీ, ఇలాంటి రెసిడెన్సీలకి గుర్తింపిచ్చే కన్సార్టియం నుంచి గానీ ఉందేమో చూడండి. లేకపోయినా మంచివి ఉంటాయి, కానీ ఉంటే ఒక ధైర్యం.

వీఏ (మాజీ సైనికుల) ఆస్పత్రుల్లో మెంటల్ హెల్త్ ఎన్‌పీ రెసిడెన్సీలు చాలా బాగుంటాయి. కానీ అమెరికా పౌరసత్వం అడుగుతారు. గ్రీన్‌కార్డు మీదే ఉన్నారా?

—

డాలస్_సిస్టర్

అవును లత గారూ, ఇంకా గ్రీన్‌కార్డే. ఊళ్ళో నాన్న పొలం నా పేరు మీద ఉంది, ఆ వ్యవహారాలు తేలేదాకా పౌరసత్వం వద్దనుకున్నాం. మీరు చెప్పిన అమ్మ కథ చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా అత్తయ్య కూడా వచ్చిన మొదటి ఏడాది రోజూ "అరికాళ్ళు మంటలు" అనేవారు.

—

ఒంగోలు_బ్రదర్

నేను రెండో వైపు నుంచి మాట్లాడతాను. రెసిడెన్సీకి అప్లై చేశాను, రాలేదు. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను, ఆగే పరిస్థితి లేదు. నేరుగా ఉద్యోగంలో చేరాను. నేను కూడా టెక్సాస్‌లోనే.

మొదటి క్లినిక్ మీరు చెప్పినలాంటిదే. నాలుగో నెలలో 19 ఏళ్ళ కుర్రాడికి సెర్ట్రలిన్ (డిప్రెషన్ మందు) మొదలుపెట్టి ఆరు వారాలకి రమ్మన్నాను, ఎందుకంటే అంతకన్నా ముందు ఖాళీ స్లాట్ లేదు. ఆ వయసువాళ్ళకి మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని మందు వివరాల కాగితంలోనే పెద్ద హెచ్చరిక ఉంటుంది. పదో రోజున వాళ్ళమ్మ ఫోన్ చేసి "వాడు నిద్రపోవట్లేదు, గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు" అంది. ఆ ఫోను రాకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. కుర్రాడు బాగున్నాడు. నేను మాత్రం ఆ వారమే మానేస్తానని నోటీసు ఇచ్చాను.

తర్వాతి చోట చేరేముందు నేను కాంట్రాక్టులో రాయించుకున్నవి: మొదటి మూడు నెలలు రోజుకి 8 మందికి మించకూడదు, కొత్తవాళ్ళకి గంట, పాతవాళ్ళకి అరగంట, వారానికో గంట సూపర్‌విజన్, సూపర్‌వైజర్ పేరుతో సహా. నోటిమాట లెక్కలోకి రాదు. మన రాష్ట్రంలో డెలిగేటింగ్ ఫిజీషియన్‌తో నెలకో మీటింగు చట్టం ప్రకారం ఎలాగూ ఉండాల్సిందే. ఆ క్లినిక్ మీకు దయతో ఇస్తున్నదేమీ కాదు. ఒక డాక్టర్ ఏడుగురి దాకా డెలిగేట్ చేయవచ్చు. మీ డాక్టర్ కింద ఇప్పటికే ఎంతమంది ఉన్నారో అడగండి. ఇంకా, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) పేషెంట్లని మీకు ఇస్తామంటే, దానికి వాడే స్టిమ్యులెంట్లు ఎవరు రాస్తారో అడగండి. టెక్సాస్ ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో అలాంటి షెడ్యూల్ 2 (కఠిన నియంత్రణ ఉన్న) మందులు మనం రాయకూడదు. మాల్‌ప్రాక్టీస్ (చికిత్సలో పొరపాట్ల) ఇన్సూరెన్సు క్లెయిమ్స్-మేడ్ పాలసీ (పాలసీ నడుస్తుండగా వచ్చిన కేసులకే వర్తించేది) అయితే, మీరు మానేశాక టెయిల్ కవరేజ్ (తర్వాత వచ్చే కేసులకి రక్షణ) ఎవరు కడతారో కూడా కాగితం మీద ఉండాలి.

ఇవి కాక, నా సొంత డబ్బుతో ఒక సీనియర్ సైకియాట్రిస్టుకి గంటకి 150 డాలర్లు ఇచ్చి, తొమ్మిది నెలలు వారం వారం కేసులు చెప్పుకున్నాను. దాదాపు 6 వేలు అయింది. నా చదువు మొత్తంలో ఖర్చుపెట్టిన వాటిలో నాకు బాగా కలిసొచ్చింది అదే.

కాబట్టి రెసిడెన్సీ లేకుండా కూడా నేర్చుకోవచ్చు. కానీ మీ చేతిలో ఉన్న మొదటి ఆఫర్‌తో కాదు. అది మీరు మార్పించలేకపోతే దాన్ని వదిలేయండి, రెసిడెన్సీకి వెళ్ళినా వెళ్ళకపోయినా.

—

వాల్తేరు_స్టాఫ్‌నర్స్

అక్కా, నేను విశాఖలో మానసిక వైద్య వార్డులో చేస్తున్నాను. ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ చేశాను. మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను.

మన దగ్గర సైకియాట్రీలో ఈ హోదాయే లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుని క్రిటికల్ కేర్‌లో పెట్టింది, మిడ్‌వైఫరీలో పెట్టింది, సైకియాట్రీలో ఇంకా లేదు. ఎమ్మెస్సీ అయినా, నిమ్హాన్స్‌లో డిప్లొమా చేసినా మందు రాసే అధికారం రాదు. అయినా రాత్రి పూట వార్డులో ఎవరు నిద్రపోలేదు, ఎవరు మాత్ర నాలుక కింద పెట్టుకుని ఉమ్మేశారు, ఎవరింటి నుంచి మూడు నెలలుగా ఒక్కరూ రాలేదు, ఇవన్నీ మాకే తెలుసు. "ఎక్కడ చేస్తున్నావ్" అని అడిగితే చెప్పగానే చుట్టాలు నవ్వుతారు. హైదరాబాద్ వాళ్ళకి యర్రగడ్డ ఎలాగో మాకు చినవాల్తేరు అలాగ. ఆ నవ్వు నాకు చాలా బాధ. 14416 టెలిమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 2022లో వచ్చింది. ఇప్పుడు డిశ్చార్జ్ అయ్యే ప్రతి ఇంటివాళ్ళకీ ఆ నంబరు నేనే చీటీ మీద రాసిస్తాను.

ఒక సందేహం. నా ఎమ్మెస్సీతో అక్కడ నేరుగా ఆ బోర్డు పరీక్ష రాయొచ్చా?

—

డాలస్_సిస్టర్

చెల్లీ, నేరుగా కుదరదు. అమెరికాలో అక్రెడిటేషన్ ఉన్న ప్రోగ్రామ్‌లోనే సైకియాట్రిక్ ఎన్‌పీ చదివి ఉండాలి. అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, హెల్త్ అసెస్‌మెంట్, ఫార్మకాలజీ విడివిడిగా ఉండాలి, సూపర్‌విజన్‌లో చేసిన క్లినికల్ గంటలు ఉండాలి. ముందు ఎన్‌క్లెక్స్ రాసి ఇక్కడ ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేరాలి. దారి పొడుగే. కానీ నువ్వు రాసినది చూస్తే, మాత్ర నాలుక కింద దాచుకోవడం కనిపెట్టే కన్ను నీకు వచ్చేసింది. నాకు అది రావడానికి వార్డులో రెండేళ్ళు పట్టింది. నాకు మెసేజ్ పెట్టు, ఏ కాగితాలు ఎప్పుడు మొదలుపెట్టాలో నేను దాచుకున్న లిస్టు పంపిస్తాను.

ఇక నా సంగతి. ఒంగోలు బ్రదర్ చెప్పినట్టు నిన్న క్లినిక్‌కి మెయిల్ పెట్టాను: కొత్తవాళ్ళకి గంట, మొదటి మూడు నెలలు రోజుకి 8 మంది, వారానికో గంట సూపర్‌విజన్, డాక్టర్ కింద ఎంతమంది ఉన్నారో. రెండు గంటల్లో జవాబొచ్చింది. గంట కుదరదట, 8 మంది కుదరదట, సూపర్‌విజన్‌కి "డాక్టర్ గారు ఎప్పుడైనా టెక్స్ట్‌కి అందుబాటులో ఉంటారు" అట. ఎంతమంది అన్నదానికి జవాబే లేదు.

ఈ ఉదయం రెసిడెన్సీలో ఇప్పుడు చేస్తున్న అమ్మాయితో మాట్లాడాను, లత గారు చెప్పినట్టు, ఆమె కార్లో ఉన్నప్పుడు. ఇప్పుడు తొమ్మిదో నెల, రోజుకి ఎనిమిది మంది. సూపర్‌విజన్ గంట మంగళవారం పదింటికి, ఈ ఏడాదిలో రెండుసార్లే తప్పిందట, రెండుసార్లూ అదే వారంలో మళ్ళీ పెట్టారట. బాండు లేదు. మీరు భయపడినప్పుడు ఎవరికి చెబుతారు అని అడిగాను. "పక్క గది తలుపు కొడతాను" అంది.

మా ఆయన కూర్చుని లెక్క వేశారు. లోన్ కంతులు ఏడాది పాటు తగ్గించుకోవచ్చు, కారు మార్చడం వాయిదా. అక్కడ ఒక గది అద్దెకి తీసుకుని శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేయాలి, సోమవారం తెల్లవారుజామున బయల్దేరాలి. బాబు మాత్రం మాట్లాడలేదు. రాత్రి పడుకునే ముందు వచ్చి, అక్కడి నుంచి రోజూ హోంవర్కు వీడియోలో చూస్తావా అని అడిగాడు. ఎన్ని గంటలకి అంటే, ఎనిమిదికి అన్నాడు. రెసిడెన్సీ వాళ్ళకి రేపు ఫోన్ చేస్తున్నాను. సాయంత్రం ఎనిమిదికి నాకు డ్యూటీ ఉండే రోజులు ఏమైనా ఉన్నాయా అన్నదే ముందు అడుగుతాను.